చిన్న మోటర్ బోటుకి ట్రిమ్ ట్యాబ్స్ మనమే బిగించుకోవడం ఎలా

థ్రాటిల్ ఇవ్వగానే వెనకాల బరువెక్కువైన బండిలా ముక్కు పైకి లేచిపోయి, ఎదురుగా నీళ్ళు కనపడక, లేచి నించుని తొంగి చూస్తూ నడపాల్సి వస్తోందా? లేదా కాస్త బరువున్న మనిషి ఒక పక్కన కూర్చుంటే బోటు అటే ఒరిగిపోయి అలాగే పరిగెడుతోందా? రెండిటికీ మందు ట్రిమ్ ట్యాబ్సే. బోటు వెనక గోడ ఉంటుంది కదా, ట్రాన్సమ్ అంటాం, దాని కింద అంచున కుడికొకటి ఎడమకొకటి కీలుతో బిగించే స్టీలు పలకలు ఇవి. స్విచ్ నొక్కితే పలక కిందికి దిగుతుంది, అడుగు నుంచి వెనక్కి పోయే నీళ్ళు దానికి తగిలి బోటు వెనక భాగాన్ని పైకి లేపుతాయి, వెనక లేస్తే ముక్కు దానంతట అదే దిగుతుంది. అంతే సంగతి.

ఇంజన్‌కే ట్రిమ్ ఉంది కదా, అంటే ఇంజన్‌ని ముందుకీ వెనక్కీ వంచే ఏర్పాటు, మళ్ళీ ఇవెందుకు అని చాలామంది అడుగుతారు. ఇంజన్ ట్రిమ్ ముక్కుని పైకీ కిందికీ కదపగలదు గానీ, ఒకే ఇంజనున్న బోటు పక్కకి ఒరిగితే దాన్ని సరిచెయ్యలేదు. ట్యాబ్స్ రెండూ వేర్వేరుగా కదులుతాయి కాబట్టి ఒరుగుడుని కూడా సరిచేస్తాయి. ఐతే ఒకటి ముందే చెప్తున్నా, ట్యాబ్స్ ముక్కుని దించగలవు తప్ప ఎత్తలేవు. మీ బోటు సమస్య ముక్కు కిందికి కుమ్ముకుపోవడం ఐతే వీటి మీద డబ్బులు పెట్టకండి, ముందు సామాన్లు వెనక్కి జరిపి, ఇంజన్ ట్రిమ్ బయటికి పెట్టి చూడండి.

ఏ రకం, ఎంత సైజు

మార్కెట్లో మూడు రకాలున్నాయి. ఎలక్ట్రిక్‌లో ఒక్కో ట్యాబ్‌కి సొంత మోటారున్న రాడ్ ఉంటుంది, దాన్నే యాక్చువేటర్ అంటారు, వైరు లాగితే చాలు, సొంతంగా బిగించుకునేవాళ్ళకి ఇదే సుఖం. హైడ్రాలిక్‌లో బోటు లోపల చిన్న పంపు, అక్కడి నుంచి సన్న గొట్టాలు, పని కొంచెం ఎక్కువ, కానీ నీళ్ళలో ఉండే భాగంలో కరెంటు భాగాలేవీ ఉండవు. మూడోది గ్యాస్ స్ప్రింగుది, స్విచ్చూ లేదు వైరూ లేదు, స్పీడు పెరిగేకొద్దీ నీళ్ళ ఒత్తిడికి అదే పైకి ముడుచుకుంటుంది. మరీ చిన్న బోటై, బ్యాటరీ కూడా అంతంత మాత్రమే ఐతే ఇది బాగానే పనిచేస్తుంది గానీ, నడుపుతూ ఒక పక్కని సరిచేసుకునే వీలుండదు. నేను ఇక్కడ ఎక్కువగా ఎలక్ట్రిక్ గురించే చెప్తాను, హైడ్రాలిక్‌కి తేడా వచ్చినచోట చెప్తా.

సైజుకి ఒక మోటు లెక్క ఉంది, బోటు పొడవు ఎన్ని అడుగులో ట్యాబ్ వెడల్పు ఒక్కో పక్క అన్ని అంగుళాలు. 18 అడుగుల బోటుకి 18 అంగుళాల ట్యాబ్ అన్నమాట. కీలు నుంచి వెనకంచు దాకా పొడవు మామూలుగా 9 అంగుళాలు ఉంటుంది. వెనకాల చోటు తక్కువుంటే వెడల్పు తక్కువ, పొడవు 12 అంగుళాలు ఉన్నవి కూడా దొరుకుతాయి. చోటు సరిపోతే రెండు సైజుల మధ్య పెద్దదే తీసుకోండి, పెద్ద ట్యాబ్ కొంచెం దించితే సరిపోతుంది, చిన్నదాన్ని బాగా కిందికి దించాల్సి వచ్చి నీటికి అడ్డం పడి స్పీడు తింటుంది.

డ్రిల్లు ముట్టుకునే ముందు

బోటు నీళ్ళలోంచి బయట, ట్రైలర్ మీద గట్టిగా నిలబడి ఉండాలి. బ్యాటరీ వైర్లు పీకెయ్యండి. ఇప్పుడు ట్రాన్సమ్‌ని స్క్రూడ్రైవర్ పిడితో కింద నుంచి పైదాకా తట్టుకుంటూ రండి. గట్టిగా టక్ టక్ మంటే మంచిదే, ఎక్కడైనా డబ్ డబ్ అని బోలుగా వినిపిస్తే అక్కడ లోపలి చెక్క పాడై ఉండే అవకాశం ఉంది. చాలా ఫైబర్ బోట్లలో ట్రాన్సమ్ లోపల ప్లైవుడ్ ఉంటుంది, పైన ఫైబర్ పొర కాబట్టి బయటికి ఏమీ తెలీదు. పుచ్చిపోయిన చెక్కలో బిగించిన స్క్రూ ట్యాబ్ లోడ్‌కి ఎక్కువ కాలం నిలబడదు, కాబట్టి అలాంటిది కనిపిస్తే ట్యాబ్స్ సంగతి పక్కన పెట్టి ముందు ట్రాన్సమ్ సంగతి చూడండి.

తర్వాత లోపలి వైపు చూడండి, టార్చ్ వేసుకుని. మీరు బెజ్జం పెట్టబోయే చోటికి సరిగ్గా వెనకాల పెట్రోల్ ట్యాంకుందా, వైర్ల కట్ట పోతోందా, బోటు అడుగున చేరిన నీళ్ళు తోడే బిల్జ్ పంపు గొట్టం ఉందా? పైన యాక్చువేటర్ వైరు లోపలికొచ్చే చోటికి మీ చెయ్యి అందుతుందా? అందకపోతే ఆ చోటు మార్చుకోండి, లేకపోతే లోపల నట్టు బిగించడానికి తలకిందులుగా వేలాడాల్సి వస్తుంది.

కొలతలు

ఈ పనిలో డ్రిల్లింగ్ ఐదు నిమిషాలు, కొలతలు గంట. ఆ గంట దగ్గర కక్కుర్తి పడకండి, ఎందుకంటే నీటి మట్టం కింద తప్పు బెజ్జం పెడితే దాన్ని పూడ్చినా అదో బెంగలాగే ఉంటుంది.

ముందు ట్రాన్సమ్ కింది భాగాన్ని అసిటోన్‌తో శుభ్రంగా తుడవండి, మైనమూ పాచీ పోవాలి. తర్వాత రెండు పక్కలా మాస్కింగ్ టేప్ వెడల్పుగా అంటించండి, పెన్సిల్ గీతలు దాని మీదే గీసుకుంటారు. అడుగు భాగమూ పక్క గోడా కలిసే మూల నుంచి లోపలికి 3 నుంచి 4 అంగుళాలు వదిలి ట్యాబ్ బయటి అంచు రావాలి. అటు లోపలి అంచు ఇంజన్ కింది భాగానికి కనీసం 8 అంగుళాల దూరంలో ఉండాలి, మరీ దగ్గరైతే ట్యాబ్ కలిపిన నీళ్ళు ప్రొపెల్లర్‌కి పోయి అది పట్టు తప్పుతుంది. ఇంజన్‌ని స్టీరింగ్‌తో పూర్తిగా ఎడమకీ పూర్తిగా కుడికీ తిప్పి, పైకి కూడా లేపి చూడండి, ఎక్కడా యాక్చువేటర్‌కి తగలకూడదు. నీటి కింద చేపల్ని చూపించే ఫిష్ ఫైండర్ సెన్సర్ వెనకాలే ఉంటే దాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి, అది ట్యాబ్ వెనకాల పడితే స్క్రీన్ మీద గజిబిజి తప్ప ఏమీ రాదు.

ఎత్తు విషయానికొస్తే, కీలు పట్టీ కింది అంచు ట్రాన్సమ్ కింది అంచుకి పావు అంగుళం పైన ఉండాలి. దానికన్నా కిందికొస్తే ట్యాబ్ పైకి ముడిచినా నీళ్ళకి అడ్డం పడుతూనే ఉంటుంది. ఇక్కడ చాలామంది చేసే పని ఏంటంటే, లెవెల్ పెట్టి ట్యాబ్‌ని నేలకి సమాంతరంగా గీసుకుంటారు. అడుగు వి ఆకారంలో ఉన్న బోటుకి అది కుదరదు, ట్యాబ్ ఆ పక్కన అడుగు ఎంత వాలుగా ఉందో అంతే వాలుగా ఉండాలి, అంటే ట్రాన్సమ్ కింది అంచుకి సమాంతరంగా. వెనక నుంచి చూస్తే రెండు ట్యాబ్స్ కూడా వి లాగే కనిపించాలి. అడుగున పొడవునా ఉబ్బుగా పోయే గట్లుంటాయి, స్ట్రేక్ అంటారు, అది ట్యాబ్ ముందుకి వచ్చేస్తే ట్యాబ్‌ని కొంచెం అటో ఇటో జరపండి, కుదరకపోతే సైజు తగ్గించుకోవడమే.

ఒక పక్క గీశాక రెండో పక్కని ట్రాన్సమ్ మధ్య గీత నుంచి కొలుచుకుని అచ్చంగా అలాగే గీయండి. అట్టముక్క కత్తిరించి ఒక పక్క పెట్టి, దాన్నే తిరగేసి రెండో పక్క పెడితే ఇంకా తేలిక. ఇప్పుడు ఇంకొకటి చూడండి, ట్రాన్సమ్ ఆ చోట నిజంగా చదునుగా ఉందా లేక కొంచెం వంపు ఉందా? ఇనప స్కేలు ఆనించి చూస్తే తెలిసిపోతుంది. వంపుంటే స్క్రూలతో లాగి కీలుని దానికి అతికించెయ్యకండి, కీలు పట్టీ వంగి లోపలి పిన్ను పట్టేస్తుంది, ట్యాబ్ చేత్తో కదిపితే కదలదు. ఖాళీ ఉన్నచోట వాషర్లనో ప్లాస్టిక్ ముక్కనో పెట్టి, మిగతా సందుని సీలెంట్‌తో నింపండి.

బెజ్జాలు, సీలింగు

కళ్ళద్దాలు, మాస్కు, గ్లవ్స్. ఫైబర్ పొడి ఒంటికి తగిలితే రెండ్రోజులు దురద, ఊపిరిలోకి పోతే అంతకన్నా ఘోరం.

బిట్టు సైజు కిట్‌తో వచ్చిన కాయితంలో ఉంటుంది. అది పోతే స్క్రూ ముందు బిట్టుని పట్టుకుని చూడండి, స్క్రూ మధ్య కాడ బిట్టు వెనక దాక్కుని, మరలు మాత్రం రెండు పక్కలా కనిపించాలి. ఫైబర్‌లో చెక్కకన్నా వెంట్రుకవాసి పెద్ద బెజ్జమే మంచిది, బిగుతుగా ఉంటే పై పొర పగులుతుంది. డ్రిల్లుకి బిట్టు మీద టేప్ చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి, స్క్రూ పొడవుని మించి ట్రాన్సమ్ అవతలికి పోకూడదు. మొదలుపెట్టేటప్పుడు డ్రిల్లుని రివర్స్‌లో పెట్టి కాసేపు తిప్పితే బిట్టు ఫైబర్ మీదుండే నున్నటి పై పొరని, అంటే జెల్‌కోట్‌ని, నలిపినట్టు నెమ్మదిగా అరగదీస్తుంది, పెచ్చులు లేవవు. ఆ పొర దాటాక ముందుకి తిప్పండి. బెజ్జం పెట్టాక పెద్ద బిట్టుతో చేత్తో రెండు చుట్లు తిప్పి బెజ్జం నోటిని కొంచెం వాలుగా చెయ్యండి, అక్కడ సీలెంట్ ఉంగరంలా కూర్చుంటుంది, జెల్‌కోట్ కూడా పగలదు.

డ్రిల్లులోంచి వచ్చే పొట్టుని చూడటం మర్చిపోవద్దు. ముందు తెల్లటి ఫైబర్ పొడి వస్తుంది, తర్వాత లేత పసుపు రంగులో పొడి పొడిగా చెక్క పొట్టు వస్తే ట్రాన్సమ్ ఆరోగ్యంగా ఉన్నట్టే. నల్లగా, ముద్దగా, వేళ్ళ మధ్య నలిపితే చెమ్మ తగిలేలా, ముక్కు దగ్గర పెడితే ముక్కిపోయిన వాసనొస్తే అక్కడితో డ్రిల్లు ఆపెయ్యండి.

చెక్క బాగానే ఉన్నా, ఈ స్క్రూలన్నీ నీటి మట్టం కిందే ఉంటాయి కాబట్టి నేనైతే ఎపాక్సీ దారే పడతాను, రెండు ద్రవాలు కలిపితే రాయిలా గట్టిపడే జిగురు అది. బెజ్జాన్ని కావాల్సినదానికన్నా పెద్దగా పెట్టి, చిక్కబడటానికి పొడి కలిపిన ఎపాక్సీని లోపల గాలి బుడగ లేకుండా కుక్కి, పూర్తిగా గట్టిపడ్డాక దాని మధ్యలో స్క్రూకి సరిపడా కొత్త బెజ్జం పెట్టాలి. ఇప్పుడు స్క్రూ చెక్కలో కాకుండా ఎపాక్సీలో కూర్చుంటుంది, రేపు సీలెంట్ ఎక్కడైనా వదిలినా నీళ్ళు చెక్క దాకా పోవు. ఒక రోజు పని ఎక్కువ, నిజమే. కానీ తడిసిన ట్రాన్సమ్ తీసి కొత్తది కట్టడం ఎంత పనో తెలిసినవాళ్ళెవరూ ఆ ఒక్క రోజు దగ్గర బేరమాడరు.

సీలెంట్ నీటి కింద వాడేదే కొనండి, బాత్రూమ్ సిలికాన్ పనికిరాదు. అలాగని శాశ్వతంగా అతుక్కుపోయే రకం కూడా వద్దు, ఎప్పుడైనా ట్యాబ్ తియ్యాల్సి వస్తే ఫైబర్ పొర కూడా ఊడొస్తుంది. మధ్యస్థంగా పట్టే పాలీయురేథేన్ గానీ పాలీసల్ఫైడ్ గానీ సరిపోతుంది. ప్రతి బెజ్జంలోకీ కొంచెం, స్క్రూ తల కింద కొంచెం, కీలు పట్టీ వెనకాల పల్చగా ఒక పూత. కీలు పిన్ను దగ్గరికి మాత్రం రానివ్వకండి. స్టీలు స్క్రూలు ఉప్పునీటికి బాగా తట్టుకునే 316 గ్రేడువే వాడండి. బిగించడం చేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకునే, ఇంపాక్ట్ డ్రైవర్‌తో వాయిస్తే మర తెగిపోయి స్క్రూ ఊరికే తిరుగుతుంది. ప్రతి స్క్రూ తల చుట్టూ సీలెంట్ పూర్తి ఉంగరంలా బయటికి పొంగాలి, ఒక పక్కే పొంగి రెండో పక్క పొడిగా ఉంటే ఆ స్క్రూ తీసి మళ్ళీ పెట్టండి. మరీ గట్టిగా బిగిస్తే సీలెంట్ అంతా బయటికొచ్చేసి లోపలేమీ మిగలదు, ఆనినట్టుగా బిగిస్తే చాలు. పొంగినదాన్ని ఆరకముందే తుడిచేసి టేప్ లాగెయ్యండి.

యాక్చువేటర్

కింది కొస ట్యాబ్ మీది బ్రాకెట్‌కి తగిలించండి. యాక్చువేటర్ పూర్తిగా లోపలికి ముడుచుకుని ఉందో లేదో చూస్కోండి, అనుమానముంటే బ్యాటరీ ఆనించి ముడిపించండి. ఇప్పుడు పొడవాటి చదునైన కర్రనో అల్యూమినియం పట్టీనో బోటు అడుగుకి ఆనించి వెనక్కి పొడుచుకొచ్చేలా ఒకరిని పట్టుకోమనండి. ట్యాబ్ వెనకంచు ఆ పట్టీకన్నా కాస్త పైన ఉండాలి, కిట్‌లో ఎంత అని రాసుంటే అంత. ఆ స్థితిలో ట్యాబ్‌ని ఆపి, యాక్చువేటర్ పై బ్రాకెట్ ట్రాన్సమ్‌కి ఎక్కడ ఆనుతుందో అక్కడ పెన్సిల్ పెట్టండి. వెనక నుంచి చూస్తే రాడ్ ట్యాబ్‌కి లంబంగా ఉండాలి, ఏ పక్కకీ ఒరగకూడదు. ఒకటి గీసి కొలిచి, రెండోదీ అంతే ఎత్తులో పెట్టండి, లేకపోతే రెండు ట్యాబ్స్ వేరువేరు చోట్ల ఆగుతాయి.

వైరు లోపలికి పోయే బెజ్జం వీలైతే బోటు నిలబడి ఉన్నప్పటి నీటి మట్టానికి పైనే పెట్టండి. దీని చుట్టూ ప్లైవుడ్ అంచు కూడా తెరిచే ఉంటుంది కాబట్టి లోపలి గోడకి ఎపాక్సీ పూసి ఆరనివ్వాలి, దీన్ని వదిలేసేవాళ్ళే ఎక్కువ. హైడ్రాలిక్‌కి ఇదే బెజ్జంలోంచి గొట్టం పోతుంది, గొట్టం కొసని పదునైన బ్లేడుతో నిటారుగా కొయ్యాలి, వంకరగా కోస్తే జాయింట్ దగ్గర కారుతుంది.

వైరింగు

బోట్లకని వచ్చే తగరం పూత ఉన్న రాగి వైరే వాడండి, ఇంట్లో వాడే వైరు ఉప్పుగాలికి లోపల నల్లగా మారిపోతుంది. ఫ్యూజ్ చాలా కిట్లకి 20 ఆంపియర్లు, మీ కిట్‌లో వేరే చెప్తే అదే. ఫ్యూజ్ స్విచ్ దగ్గర కాదు, బ్యాటరీకి వీలైనంత దగ్గర, 7 అంగుళాల లోపు ఉండాలి, ఎందుకంటే మధ్యలో ఎక్కడ వైరు ఒరుసుకుపోయి షార్టైనా అది కాలిపోయి కాపాడాలి. జాయింట్లన్నీ క్రింప్ చేసి, అంటే లోహపు తొడుగులో పెట్టి నొక్కి, వేడికి ముడుచుకునే, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. కనెక్షన్ దగ్గరికి వచ్చే ముందు వైరుని ఒక మెలికలా కిందికి వేలాడనిస్తే, వైరు మీదుగా జారే నీళ్ళు అక్కడే బొట్లు బొట్లుగా కారిపోతాయి. అడుగుకో అడుగున్నరకో ఒక క్లిప్పు. మిగతాది కిట్ డ్రాయింగ్ చూసి కలుపుకోవడమే.

స్విచ్ తిరకాసు

ఇక్కడ సగం మంది తప్పు వైరింగ్ చేశామనుకుని మంచి వైరింగ్‌ని పాడు చేసుకుంటారు. స్విచ్ మీద ఎడమ పక్క ముక్కు కిందికి అని గుర్తున్న భాగం నొక్కితే దిగాల్సింది కుడి ట్యాబ్. అవును, కుడిదే. కుడి ట్యాబ్ దిగితే కుడి వెనక భాగం లేస్తుంది, దాంతో ఎడమ ముక్కు దిగుతుంది. స్విచ్ మీద రాసింది ట్యాబ్ ఏం చేస్తుందని కాదు, ముక్కు ఏం చేస్తుందని. కాబట్టి బోటు నేల మీద ఉండగానే ఒకరిని వెనకాల నించోబెట్టి పరీక్షించండి. ఎడమ నొక్కితే కుడి పలక దిగుతోందా, కుడి నొక్కితే ఎడమ దిగుతోందా, రెండూ చివరి దాకా దిగి మళ్ళీ చివరి దాకా ముడుచుకుంటున్నాయా. దిగమంటే ముడుచుకుంటుంటే, రెండు వైర్ల ఎలక్ట్రిక్ యాక్చువేటర్‌కి ఆ రెండు వైర్లూ అటూ ఇటూ మార్చండి, సరిపోతుంది. హైడ్రాలిక్‌కి ట్యాంకులో నూనె గుర్తు దాకా పోసి, కొన్నిసార్లు కిందికీ పైకీ నడిపితే గాలి పోతుంది, తర్వాత నూనె మళ్ళీ చూసుకోండి.

నీళ్ళలోకి

సీలెంట్ ఆరే టైమ్ ట్యూబు మీద రాసుంటుంది, అది రోజుల్లో ఉంటుంది గంటల్లో కాదు, ఆగండి. దించిన వెంటనే బయల్దేరిపోకుండా లోపల ట్రాన్సమ్ మూలలకి పొడి టిష్యూ ఆనించి చూడండి, చెమ్మ తగిలితే వెంటనే బయటికి.

నిలకడగా ఉన్న నీళ్ళలో ట్యాబ్స్ రెండూ పైకి పెట్టి మొదలుపెట్టండి. స్పీడు అందుకునేటప్పుడు రెండూ కిందికి, బోటు లేచి నీటి మీద జారడం మొదలవగానే కొంచెం కొంచెంగా పైకి తెచ్చుకోండి. ఒక్కసారి టక్కున నొక్కి వదిలి, రెండు మూడు క్షణాలు బోటు ఏం చేస్తుందో చూడాలి, నొక్కిపట్టుకుంటే ఎప్పుడూ ఎక్కువైపోతుంది. పక్కకి ఒరిగితే గుర్తు పెట్టుకోవడం చాలా తేలిక, ఏ పక్క లేచి ఉందో ఆ పక్క ముక్కు కిందికి అని ఉన్న బటన్ నొక్కండి. ముక్కు పైకీ కిందికీ ఊగుతూ పోతుంటే రెండూ కొంచెం దించితే ఆగుతుంది. స్టీరింగ్ లాగుతూ స్పీడు తగ్గిందంటే ఎక్కువ దించేశారన్నమాట.

ఎదురు అలల్లో ముక్కు కాస్త దించితే పదునైన ముందు భాగం అలని కోసుకుపోతుంది, నడుం నొప్పి తగ్గుతుంది. కానీ అలలు వెనక నుంచి వస్తుంటే ట్యాబ్స్ పూర్తిగా పైకి ఉండాల్సిందే, దించి ఉంటే ముక్కు ముందు అలలో గుచ్చుకుని బోటు ఒక్కసారిగా పక్కకి తిరిగిపోతుంది, తిరగబడే ప్రమాదం కూడా ఉంది. రివర్స్ వేసే ముందు కూడా పైకే, దించి ఉన్న పలక మీద వెనక నుంచి నీళ్ళు కొడితే యాక్చువేటర్ మీదే లోడంతా పడుతుంది.

బోటు ఉప్పునీళ్ళలోనే కట్టి ఉంచేవాళ్ళైతే ట్యాబ్స్ మీద జింక్ ముక్కలు బిగించండి, వాటి మీద పెయింట్ వెయ్యొద్దు, సగానికి పైగా తినేశాక మార్చండి. మంచినీళ్ళకి జింక్ సరిగా పనిచెయ్యదు, మెగ్నీషియంవి వాడాలి. ఉప్పునీళ్ళలో తిరిగొచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళతో కీళ్ళు కడిగి, మొదట్లో కొన్నాళ్ళు స్క్రూ తలల చుట్టూ సన్న పగుళ్ళేమైనా వస్తున్నాయేమో వేలితో తడిమి చూస్తూ ఉండండి.